సగం సంతకాల కాగితం

తెల్లకాగితం మీద సంతకం పెట్టకూడదని మన ఇళ్లలో చదువురాని వాళ్లకు కూడా తెలుసు. ప్రాంసరీ నోటులో అంకె వేసే చోటు ఖాళీగా ఉంచి నిశానీ వేయించుకున్న కథలు ఊరికొకటైనా వినబడతాయి. అంతగా తెలియని సంగతి ఇంకొకటుంది. నిండుగా రాసిన కాగితమైనా సరే, అందులో ఉన్నది నిజమో కాదో మనంతట మనం సరిచూసుకునే వీలు లేకపోతే, దాని మీద పెట్టే సంతకం కూడా తెల్లకాగితం మీద సంతకమే. బిట్‌కాయిన్ లోకంలో ఈ రెండో సంగతి నుంచి ఒక డేటా ఫార్మాట్ పుట్టింది. దాన్ని పీఎస్‌బీటీ (పార్షియల్లీ సైన్డ్ బిట్‌కాయిన్ ట్రాన్సాక్షన్) అంటారు. కొన్ని సంతకాలు పడి, ఇంకా కొన్ని పడాల్సి ఉన్న లావాదేవీని ఒకరి నుంచి ఒకరికి అందించడానికి వాడే కాగితం అది. బిట్‌కాయిన్‌కు మార్పులు సూచించే పత్రాలను బిప్‌లు అంటారు. వాటిలో 174వదిగా 2017 జులైలో అవా చౌ దీన్ని ప్రతిపాదించారు. బిట్‌కాయిన్ ప్రధాన సాఫ్ట్‌వేర్ అయిన బిట్‌కాయిన్ కోర్‌లో, 2018 అక్టోబరులో వచ్చిన 0.17 వెర్షన్‌తో ఇది వాడుకలోకి వచ్చింది. ఫార్మాట్ తయారుచేయడమంటే ఏ బైటు తర్వాత ఏ బైటు రావాలో తేల్చడమేనని బయటివాళ్లు అనుకుంటారు. చాలామంది ప్రోగ్రామర్లూ అలాగే అనుకుంటారు. నా దృష్టిలో అది ఆఖర్న చేసే చిన్న పని. ఎవరికి ఏం తెలిసి తీరాలి, ఎవరికి ఏం తెలియకపోయినా పని నడవాలి, ఎవరు ఎవరి మాట నమ్మనక్కర్లేదు అన్నవి తేల్చడమే పెద్ద పని. పీఎస్‌బీటీలో మెచ్చుకోవాల్సిందీ, తర్వాత దిద్దుకోవాల్సి వచ్చిందీ రెండూ అక్కడే ఉన్నాయి.

2009 జనవరిలో బిట్‌కాయిన్ మొదలైనప్పుడు సగంలో ఆగిన లావాదేవీతో ఎవరికీ పని లేదు. సంతకం చేసే ప్రైవేట్ కీ, వాలెట్, ఇంటర్నెట్ మూడూ ఒకే కంప్యూటర్‌లో ఉండేవి. లావాదేవీ రాయడం, సంతకం చేయడం, నెట్‌వర్క్‌లోకి వదలడం ఒక్క ఊపులో అయిపోయేవి. ముగ్గురిలో ఇద్దరు సంతకం చేస్తేనే డబ్బు కదిలే మల్టీసిగ్ ఏర్పాటు 2012లో బిప్ 16 వచ్చాక సులువైంది. 2014లో ట్రెజర్‌తో హార్డ్‌వేర్ వాలెట్లు వచ్చాయి: ప్రైవేట్ కీ ఒక చిన్న పెట్టెలోనే ఉంటుంది, దాన్ని దాటి బయటికి రాదు, కాబట్టి కాగితమే దాని దగ్గరికి వెళ్లాలి. అలా లావాదేవీకి ప్రయాణం తప్పలేదు గానీ ఆ ప్రయాణంలో దాన్ని ఏ రూపంలో ఉంచాలన్నది తేలలేదు. 2011లోనే ఆర్మరీ వాలెట్ తరఫున బిప్ 10 ఒక ప్రయత్నం చేసింది, నిలవలేదు. ఎలెక్ట్రమ్ అనే వాలెట్‌ది ఒక దారి. బిట్‌కాయిన్ కోర్ అయితే పూర్తి సంతకాలు ఉండాల్సిన గడిలోనే దొరికినన్ని కుక్కి సరిపెట్టుకునేది. ఇది వట్టి అసౌకర్యం కాదు. మల్టీసిగ్ ఉద్దేశమే ఒక్కచోట తప్పు జరిగినా డబ్బు పోకూడదని. మూడు కీలను మూడు వేరువేరు కంపెనీల పెట్టెల్లో ఉంచితేనే ఆ ఉద్దేశానికి అర్థం. ఆ మూడు పెట్టెలకూ ఒకే కాగితం చదవడం రాకపోతే వాడేవాళ్లు చివరికి మూడూ ఒకే కంపెనీవి కొంటారు. తాళాలు మూడు, తాళాలవాడు ఒక్కడు.

బిప్ 174 మొదట చేసిన మంచి పని పాత్రలను విడదీయడం. లావాదేవీని మొదలుపెట్టేవాడు, దానికి వివరాలు చేర్చేవాడు, సంతకం చేసేవాడు, వేరువేరు ప్రతుల్లోని సంతకాలను కలిపేవాడు, వాటిని తుది రూపంలో అమర్చేవాడు, నెట్‌వర్క్‌కు పంపగల లావాదేవీని బయటికి తీసేవాడు అని ఆరుగురు. ఒకే ప్రోగ్రాం ఆరు పాత్రలూ వేయొచ్చు, ఆరు యంత్రాలు తలా ఒకటి వేయొచ్చు. కాగితంలో వివరాలన్నీ జంటలుగా ఉంటాయి: ముందు అదేమిటో చెప్పే పేరు, వెనక దాని విలువ. ఈ జంటల మూట మొత్తం లావాదేవీకి ఒకటి, ఖర్చయ్యే ప్రతి ఇన్‌పుట్‌కూ ఒకటి, డబ్బు చేరే ప్రతి ఔట్‌పుట్‌కూ ఒకటి. ఈ ఆరుగురిలో నాకు బాగా నచ్చేవాడు కలిపేవాడు, ఎందుకంటే వాడికి ఏమీ తెలియనక్కర్లేదు. ప్రతి సంతకం అది ఎవరిదో చెప్పే పబ్లిక్ కీని పేరుగా పెట్టుకుని వస్తుంది. అందుకని రెండు ప్రతులను కలపడమంటే రెండు మూటల్లోని జంటలను ఒక మూటలో వేయడమే. ముందు ఎవరిది వచ్చింది, తర్వాత ఎవరిది వచ్చింది అన్న గొడవ లేదు. ఎటు నుంచి కలిపినా అదే ఫలితం. తుది లావాదేవీలో మల్టీసిగ్ సంతకాలు కీల వరసలోనే ఉండాలని బిట్‌కాయిన్ పట్టుబడుతుంది, నిజమే, కానీ ఆ వరస చూసుకోవడం అమర్చేవాడి బాధ్యత. కలిపేవాడు పోస్ట్‌మాన్ లాంటివాడు. ఉత్తరంలో ఏముందో తెలియకుండానే చేర్చాల్సిన చోటికి చేరుస్తాడు. దీనికి తోడు ఇంకో నియమం ఉంది. తనకు అర్థంకాని జంట కనిపిస్తే ఏ ప్రోగ్రామూ దాన్ని పారేయకూడదు, ఉన్నదున్నట్టు ముందుకు పంపాలి. 2021 నవంబరులో బిట్‌కాయిన్‌లో ట్యాప్‌రూట్ అనే మార్పు అమల్లోకి వచ్చి దానికి కావలసిన కొత్త వివరాలు చేరినప్పుడు ఈ నియమం విలువ తెలిసింది. 2018లో రాసిన కలిపేవాడు ట్యాప్‌రూట్ పేరు కూడా వినకుండానే ఆ వివరాలను మోయగలడు. తెలియనిదాన్ని అనుమానించి కొట్టేసే అలవాటు ఉన్న మనకు, తెలియనిదాన్ని భద్రంగా దాటించాలన్న ఈ నియమం కొంచెం వింతగానే ఉంటుంది.

సంతకం చేసేవాడి సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. వాడికి అన్నీ తెలియాలి, అదీ ఎవరి మాటా నమ్మకుండా తెలియాలి. ఇది ఎంత కష్టమో చూడాలంటే బిట్‌కాయిన్ లావాదేవీలో ఏం రాసి ఉంటుందో, ఏం రాసి ఉండదో చూడాలి. బ్యాంకు ఖాతాలో లాగా ఇక్కడ నిల్వ అనేది లేదు. గతంలో మనకు వచ్చిన మొత్తాలు విడివిడి నోట్లలాగా ఉంటాయి. ఖర్చు చేసేటప్పుడు నోటు మొత్తం ఇచ్చి చిల్లర మనకే తిరిగి రాసుకోవాలి. ఇన్‌పుట్‌లో ఉండేది ఫలానా లావాదేవీలో ఫలానా వరస సంఖ్యలో ఉన్న మొత్తాన్ని ఖర్చు చేస్తున్నానన్న ఆనవాలు మాత్రమే. అది ఎంత మొత్తమో అక్కడ రాయరు. ఫీజు కూడా ఎక్కడా రాయరు. ఇన్‌పుట్‌ల మొత్తంలోంచి ఔట్‌పుట్‌ల మొత్తం తీసేస్తే మిగిలింది ఫీజు. అది బ్లాకును మైనింగ్ చేసినవాళ్లకు పోతుంది. ఈ తీసివేతలో పొరపాటు పడితే ఎంత ఖరీదో 2023 సెప్టెంబరులో పాక్సోస్ కంపెనీకి తెలిసింది: సాఫ్ట్‌వేర్ తప్పు వల్ల ఒక్క లావాదేవీకి దాదాపు 20 బిట్‌కాయిన్లు ఫీజు కింద పోయాయి. మైనింగ్ చేసినవాళ్లు తిరిగి ఇచ్చారు గానీ ఇవ్వాలన్న నియమమేదీ లేదు. ఇక ఇంటర్నెట్ లేని చిన్న పెట్టె సంగతి ఆలోచించండి. ఇన్‌పుట్‌లలో ఎంతుందో దానికి తెలియదు, అడగడానికి బయటి లోకంతో సంబంధం లేదు. కంప్యూటర్ చెప్పిన అంకె నమ్మాలి, లేదా రుజువు కావాలి. స్థలం కొనేవాళ్లు అమ్మేవాడి మాట మీద కాకుండా లింకు డాక్యుమెంట్లు అడుగుతారు: ఇది నీకు ఎవరి నుంచి వచ్చింది, ఆ దస్తావేజు చూపించు. పీఎస్‌బీటీ కూడా అదే అడుగుతుంది. పాత పద్ధతి ఇన్‌పుట్ అయితే దాని వెనకున్న లావాదేవీని మొత్తంగా జతచేయాలి. పెట్టె దాని హ్యాష్, అంటే ఆ బైట్ల నుంచి లెక్కించే గుర్తు, కట్టి ఇన్‌పుట్‌లోని ఆనవాలుతో పోల్చుకుంటుంది. రెండూ ఒకటైతే అందులోని మొత్తం నిజం. తెచ్చినవాడు ఎవడైనా సరే, వాడి ముఖం చూడక్కర్లేదు.

2017 ఆగస్టులో సెగ్విట్ అనే మార్పు అమల్లోకి వచ్చినప్పుడు ఈ భారం తగ్గిందని చాలామంది అనుకున్నారు. బిప్ 143 ప్రకారం సెగ్విట్ ఇన్‌పుట్ మీద చేసే సంతకం ఆ ఇన్‌పుట్‌లోని మొత్తాన్ని కూడా కలుపుకుంటుంది. మొత్తం అబద్ధమైతే సంతకమే చెల్లదు. కాబట్టి లింకు డాక్యుమెంటు మొత్తం ఎందుకు, ఆ ఒక్క ఔట్‌పుట్ చాలు అనుకున్నారు. పీఎస్‌బీటీలో దానికి చిన్న గడి విడిగా ఉంది. 2020లో ఈ నమ్మకంలో కన్నం బయటపడింది. నిజంగా 10, 12 బిట్‌కాయిన్లున్న రెండు ఇన్‌పుట్‌లతో 12 బిట్‌కాయిన్లు ఎవరికో పంపుతున్నామనుకోండి. వైరస్ పట్టిన కంప్యూటర్ మొదటిసారి పెట్టెతో, మొదటి దానిలో 10 ఉన్నాయి, రెండో దానిలో 2.001 ఉన్నాయి అంటుంది. ఫీజు 0.001 కనబడుతుంది, సంతకం పడుతుంది. ఏదో లోపం వచ్చింది మళ్లీ చేయండి అని రెండోసారి అడుగుతూ, ఈసారి మొదటి దానిలో 0.001, రెండో దానిలో 12 అంటుంది. తెర మీద లెక్క మళ్లీ అంతే. మొదటిసారి మొదటి ఇన్‌పుట్‌కు నిజం చెప్పింది కాబట్టి ఆ సంతకం చెల్లుతుంది. రెండోసారి రెండో దానికి నిజం చెప్పింది కాబట్టి అదీ చెల్లుతుంది. ఆ రెండూ తీసి అతికిస్తే 22 లోపలికి, 12 బయటికి, 10 బిట్‌కాయిన్లు ఫీజు. ఒక్కో సంతకం తన ఇన్‌పుట్‌కు మాత్రమే సాక్షి, పక్క ఇన్‌పుట్ గురించి ఏమీ అనలేదు. సలీం రషీద్ అనే పరిశోధకుడు దీన్ని బయటపెట్టాక కొన్ని హార్డ్‌వేర్ వాలెట్లు సెగ్విట్‌కు కూడా వెనకటి లావాదేవీ మొత్తం అడగడం మొదలుపెట్టాయి, బిప్ 174ను కూడా అందుకు తగ్గట్టు సవరించారు. ట్యాప్‌రూట్‌లో మామూలుగా ప్రతి సంతకం అన్ని ఇన్‌పుట్‌ల మొత్తాలనూ కలుపుకుంటుంది కాబట్టి అక్కడ ఈ ఎత్తు పారదు. ఈ కథలో నాకు ముఖ్యంగా తోచేది ఏమిటంటే, గణితంలో తప్పు లేదు, సంతకాలు దొంగవి కావు, తెర మీద అంకెల కూడికా సరిగానే ఉంది. తప్పంతా ఎవరికి ఏ రుజువు అందాలో తేల్చే చోట, అంటే ఫార్మాట్‌ను ఎలా వాడాలన్న నిర్ణయంలో జరిగింది.

దీనికి పెట్టెలు తయారుచేసేవాళ్ల అభ్యంతరం న్యాయమైనదే. ఖర్చు చేసేది చిన్న మొత్తమే అయినా దాని వెనకటి లావాదేవీ వందలమందికి ఒకేసారి చెల్లించిన ఎక్స్ఛేంజీది కావచ్చు, పదుల కిలోబైట్లు ఉండొచ్చు. కొన్ని పెట్టెలకు అంత మెమరీయే ఉండదు. కెమెరా ముందు క్యూఆర్ కోడ్ చూపించి కాగితాన్ని దాటించే వాలెట్లకు ఇంకా కష్టం, ఎందుకంటే అన్నిటికంటే పెద్ద క్యూఆర్ కోడ్‌లో 2,953 బైట్లకు మించి పట్టవు. సినిమా రీలులాగా ఒకదాని వెనక ఒకటి చూపిస్తూ పోవాలి. హ్యాష్‌ను ముక్కలు ముక్కలుగా కట్టుకుంటూ పోవచ్చు కాబట్టి మెమరీ చాలదన్న మాటకు జవాబుంది. సమయం పడుతుందన్న మాటకు లేదు. పడనివ్వండి అంటాను. దస్తావేజు బరువని లింకు డాక్యుమెంట్లు ఇంట్లో వదిలేసి రిజిస్ట్రేషన్‌కు వెళ్లేవాడిని ఎవరూ తెలివైనవాడనరు.

అసలు ఈ బైట్ల తంటా ఎందుకు, మనిషి చదవగలిగే జేసన్ లాంటి రూపంలో రాసుకోవచ్చు కదా అనేవాళ్లున్నారు. చదవగలగడం మంచిదే, కానీ ఎవరు చదువుతారు? జేసన్‌లో ఒకే పేరుతో రెండు విలువలుంటే ఒక ప్రోగ్రాం మొదటిది తీసుకుంటుంది, ఇంకోటి చివరిది తీసుకుంటుంది. తెర మీద చూపించే కోడ్ మొదటిదీ, సంతకం చేసే కోడ్ చివరిదీ తీసుకుంటే కొంప మునిగినట్టే. పీఎస్‌బీటీలో ఒక మూటలో ఒక పేరు రెండుసార్లు వస్తే కాగితమే చెల్లదు, ఏది తీసుకోవాలన్న ప్రశ్నే రాదు. మొదట్లో ఉండే అయిదు బైట్లు కూడా ఇలాంటి ఆలోచనే: పీ, ఎస్, బీ, టీ అన్న నాలుగు అక్షరాలు, వాటి వెనక 255 విలువ గల బైటు. మామూలు లావాదేవీని చదివే ప్రోగ్రాం చేతికి ఈ కాగితం పొరపాటున దొరికితే అక్కడే తప్పుపట్టి ఆగిపోవాలి, సగం కాగితాన్ని పూర్తి కాగితమని భ్రమపడకూడదు. దీన్ని బేస్64 అనే అక్షరాల రూపంలో రాస్తే ఎప్పుడూ ఒకే అక్షరాలతో మొదలవుతుంది, ఈ పని చేసేవాళ్లు ఆ మొదలు చూసి గుర్తుపట్టేస్తారు. మనిషి చదవడమంటే ఇక్కడ ఆ మాత్రమే.

ఇంకో అభ్యంతరానికి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఈ కాగితం చాలా ఎక్కువ చెబుతుంది. చిల్లర తనకే తిరిగి వస్తోందని పెట్టె నిర్ధారించుకోవాలంటే ఆ అడ్రస్ తన కీల చెట్టులో ఏ కొమ్మ మీద పుట్టిందో కాగితంలో రాసి ఉండాలి. మూల కీ వేలిముద్ర పేరుతో నాలుగు బైట్లు, దాని వెనక కొమ్మల దారి. పెట్టె తన కీలన్నిటికీ మూలమైన సీడ్ నుంచి ఆ దారినే నడిచి అదే కీ వస్తుందో లేదో చూసుకుంటుంది. ఇది లేకపోతే దొంగ తన అడ్రస్‌ను చిల్లర అని చెప్పి, తెర మీద కూడా కనబడకుండా దాటించగలడు. కానీ అదే వివరం కాగితం ఎవరెవరి చేతులు మారితే వాళ్లందరికీ, ఈ ఇన్‌పుట్‌లన్నీ ఒకరివే, ఈ ఔట్‌పుట్ చిల్లర అని చాటుతుంది. ఒకరికొకరు తెలియని ముగ్గురు కలిసి లావాదేవీ కడుతున్నప్పుడు ఇది ఇంటి గుట్టు బయట పెట్టుకోవడమే. అవసరం తీరిన వివరాలను తుది అమరిక సమయంలో తీసేస్తారు, ఇంకొకరికి ఇచ్చే ముందే తీసేయడం మంచి అలవాటు. ఫార్మాట్ మాత్రం ఆ అలవాటును బలవంతపెట్టదు. రుజువు కోరేవాడికి రుజువు ఇవ్వాలంటే ఎంతో కొంత గుట్టు విప్పక తప్పదు. భద్రత, గోప్యత రెండింటిలో ఫార్మాట్ రాసినవాళ్లు భద్రత వైపే మొగ్గారు. నేనూ అటే మొగ్గుతాను, కొంచెం ఇబ్బందిగా.

మొదటి రూపంలో అసలు లోపం వేరే చోట ఉంది. బిప్ 174లో సంతకాలు లేని లావాదేవీ మొత్తం ఒకే ముద్దగా మొదట్లోనే ఉంటుంది; ఇన్‌పుట్‌లు ఎన్ని, ఔట్‌పుట్‌లు ఏమిటి అన్నవి అప్పటికే ఖాయం. అంటే సంతకాలను పాక్షికంగా ఉంచగలిగారు గానీ ఒప్పందాన్ని పాక్షికంగా ఉంచలేకపోయారు. ఇద్దరు కలిసి ఒక లావాదేవీ కట్టాలనుకుంటే, ఒకరు తన ఇన్‌పుట్‌లు పెట్టి పంపితే రెండోవారు తమవి చేర్చే వీలు లేదు. 2021 జనవరిలో అవా చౌ రాసిన బిప్ 370 ఆ ముద్దను విడగొట్టింది. ప్రతి ఇన్‌పుట్ ఆనవాలు, ప్రతి ఔట్‌పుట్ మొత్తం విడివిడి జంటలుగా మారాయి, కూర్చేవాడు అన్న కొత్త పాత్ర వచ్చింది, ఇంకా మార్చవచ్చా లేదా చెప్పే జెండాలు వచ్చాయి. దానికి రెండో వెర్షన్ అని పేరు పెట్టారు. వెనకటిది సాంకేతికంగా సున్నా వెర్షనే అయినా జనం దాన్ని ఒకటి అనడానికి అలవాటుపడ్డారు కాబట్టి ఒకటిని దాటేశారు. ప్రమాణాలు రాసేవాళ్లు వాడుకమాటకు తలవంచడం అరుదు.

ఇంత చేసీ లాభమేమిటి, మనుషులు తెర చూడకుండానే బటన్ నొక్కేస్తారు కదా అన్నది అన్నిటికంటే బరువైన అభ్యంతరం. 2024 జులైలో మన దేశపు ఎక్స్ఛేంజీ వజీర్‌ఎక్స్ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. అక్కడ సంతకందారులు ఒకరు కాదు, చేతుల్లో హార్డ్‌వేర్ వాలెట్లూ ఉన్నాయి. తెర మీద కనిపించినదానికీ నిజంగా సంతకం పడినదానికీ పొంతన లేదని కంపెనీ చెప్పింది. 2025 ఫిబ్రవరిలో బైబిట్ అనే ఎక్స్ఛేంజీ నుంచి దాదాపు 150 కోట్ల డాలర్లు పోయిన తీరూ అలాంటిదే. సంతకందారులు చూసే వెబ్ పేజీ కోడ్‌నే మార్చేశారు. రెండూ ఇథీరియం అనే వేరే నెట్‌వర్క్ మీద జరిగాయి, పీఎస్‌బీటీకి వాటితో సంబంధం లేదు. కానీ ఈ అభ్యంతరానికి అవి బలమిస్తాయని నేననుకోను. అక్కడి మల్టీసిగ్‌లో సంతకం చేసే పెట్టెకు చేరేది చాలావరకు ఒక కాంట్రాక్టుకు ఇచ్చే ఆదేశపు గుప్పెడు బైట్లు, వాటి అర్థం పెట్టెకు తెలియదు. మనిషి కళ్లు మూసుకుని నొక్కాడనడం కంటే, కళ్లు తెరిచినా చూడడానికి ఏమీ ఇవ్వలేదనడం న్యాయం. పీఎస్‌బీటీ పెట్టెకు చేరేటప్పటికి మొత్తాలు, చిల్లర, ఫీజు అన్నిటికీ రుజువులుంటాయి. ఇక ఏ రుజువూ లేకుండా మిగిలేది ఒక్కటే: డబ్బు అందుకునేవాడి అడ్రస్. అది నిజంగా మనం పంపాలనుకున్న మనిషిదేనని కాగితంలో ఏదీ చెప్పదు. కంప్యూటర్ దాన్ని మార్చేస్తే పెట్టె తెర మీద ఆ పొడుగాటి అక్షరాల వరసను మనం అక్షరం అక్షరం పోల్చుకోవాలి, మొదటి నాలుగూ చివరి నాలుగూ చూసి సరే అనుకోవడమే అందరి అలవాటు. 2024లో వచ్చిన బిప్ 353 ఇక్కడ చేయి పెట్టింది. ఈమెయిల్‌లా కనిపించే పేరుకు ఏ అడ్రస్ తగిలించారో డొమైన్ రికార్డుల్లో సంతకాలతో సహా రాసి ఉంటుంది. ఆ సంతకాల గొలుసును ఔట్‌పుట్ మూటలో చేర్చడానికి ఒక గడి కేటాయించింది. పెట్టె ఆ గొలుసును తానే సరిచూసి, అక్షరాల వరసకు బదులు పేరు చూపించగలదు. ఆ గడి గురించి వినని పాత కలిపేవాడు దాన్ని ముట్టుకోకుండా అవతలికి దాటిస్తాడు.